ల్యాప్‌టాప్ ఒక్కటే వైఫై నుంచి ఊడిపోతోంది, ఫోన్లు మాత్రం బాగానే ఉన్నాయి

సగంలో_కట్
విండోస్ 11 ల్యాప్‌టాప్. ఇంట్లో వైఫై రోజుకి నాలుగైదు సార్లు దానంతట అదే పోతోంది. టాస్క్‌బార్‌లో వైఫై గుర్తు గ్లోబు బొమ్మ అయిపోతుంది, ఒకటి రెండు నిమిషాలకి మళ్ళీ వస్తుంది. ఒక్కోసారి రాదు, ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేసి ఆఫ్ చేస్తే గానీ కదలదు. మీటింగ్‌లో ఉన్నప్పుడే పోవడం దీని ప్రత్యేకత. అదే గదిలో రెండు ఫోన్లున్నాయి, వాటికి ఏ ఇబ్బందీ లేదు. రౌటర్‌కీ దీనికీ మధ్య ఒక్క గోడ. డ్రైవర్ అప్‌డేట్ చేశా, నెట్‌వర్క్ రీసెట్ చేశా, ఏం మారలేదు. కార్డు పోయినట్టేనా?

మూడోమెట్టు
రౌటర్ ఆపేసి ఆన్ చెయ్ బాస్.

సగంలో_కట్
అది చెయ్యకుండా అడుగుతానా.

కొత్తకార్డు_కోటి
ఫోన్లకి రాని జబ్బు ల్యాప్‌టాప్‌కే వస్తోందంటే ల్యాప్‌టాప్‌దే తప్పు, ఇందులో ఆలోచించేదేముంది. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ మీద రైట్ క్లిక్, అన్‌ఇన్‌స్టాల్, డ్రైవర్‌ని కూడా తీసెయ్యమనే గడిలో టిక్, రీస్టార్ట్. అప్పటికీ పోతుంటే కార్డు మార్చెయ్యండి.

పింగ్_పురాణం
ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టుంది. ముందు పోతున్నది ఏమిటో తేలనివ్వండి.

"వైఫై పోయింది" అని అందరూ ఒకే మాట అంటారు గానీ లోపల మూడు వేరే వేరే సంగతులుంటాయి. రేడియో లింకే తెగిపోవడం ఒకటి. లింకు నిలబడే ఉండి ఐపీ అడ్రస్ (రౌటర్ ల్యాప్‌టాప్‌కి ఇచ్చే నంబరు) పోవడం ఇంకొకటి. రౌటర్ దాకా అంతా బాగుండి, బయటి లైనో డీఎన్ఎస్సో (సైటు పేరుని అడ్రస్‌గా మార్చేది) చచ్చిపోవడం మూడోది. గ్లోబు బొమ్మ మాత్రం మూడింటికీ ఒకటే.

రెండు కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు తెరవండి. ఐపీకాన్ఫిగ్ కొడితే డిఫాల్ట్ గేట్‌వే అని మీ రౌటర్ అడ్రస్ కనిపిస్తుంది, సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1. ఒక కిటికీలో ఆ అడ్రస్‌కి పింగ్ మైనస్ టీ (ఉన్నావా అని ఆగకుండా అడుగుతూ ఉంటుంది), రెండో దాంట్లో బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8 కి పింగ్ మైనస్ టీ. రెండూ పక్కపక్కన వదిలేసి మీ పని చేసుకోండి. ఈసారి పోయినప్పుడు చూడాల్సింది ఇదీ:

రెండు కిటికీల్లోనూ "ట్రాన్స్‌మిట్ ఫెయిల్డ్, జనరల్ ఫెయిల్యూర్" పడితే లింకో ఐపీనో పోయింది. గేట్‌వేకి "రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్" అప్పుడప్పుడూ పడుతూ మధ్యలో జవాబులు కూడా వస్తుంటే, లింకుంది గానీ గాలిలో గోల ఎక్కువ. గేట్‌వే జవాబిస్తూ 8.8.8.8 ఒక్కటే ఆగితే ల్యాప్‌టాప్ జోలికి పోకండి, లైను చూడండి. రెండూ నడుస్తూ బ్రౌజర్ తెరుచుకోకపోతే డీఎన్ఎస్.

తర్వాత అడ్మిన్‌గా తెరిచిన ప్రాంప్ట్‌లో నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో డబ్ల్యూలాన్‌రిపోర్ట్ కొట్టండి. గత మూడు రోజుల్లో ఎప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది, విండోస్‌కి తెలిసిన కారణం ఏమిటి, అన్నీ ఒక వెబ్ పేజీగా తయారవుతాయి. ఫైలు ఎక్కడుందో ఆ కమాండే చెబుతుంది. అలాగే బాగా పనిచేస్తున్నప్పుడు నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో ఇంటర్‌ఫేసెస్ కొట్టి బ్యాండ్, చానల్, సిగ్నల్, రిసీవ్ రేట్ ఇక్కడ పెట్టండి.

డెసిబెల్
పై పోస్టుకి ఒక్క ముక్క కలుపుతా. ఫోన్లకి ఇబ్బంది లేదన్న సాక్ష్యాన్ని ఇప్పుడే నమ్మకండి. వైఫై ఊడగానే ఫోన్ చప్పుడు లేకుండా మొబైల్ డేటాకి దూకేస్తుంది, వీడియో కూడా ఆగదు. రెండు ఫోన్లలోనూ మొబైల్ డేటా ఆపేసి చూడండి.

మూడోమెట్టు
ఫోన్ దొంగసాక్షి అంటారా.

కొత్తకార్డు_కోటి
ఇంత పురాణం ఎందుకండీ, ఇంటెల్ ఏఎక్స్211 కార్డు తెప్పించి వేసుకుంటే పది నిమిషాల పని.

స్క్రూడ్రైవర్
కోటి గారూ, ఆ సలహా అందరికీ పనికిరాదు. ఏఎక్స్201, ఏఎక్స్211 రెండూ సీఎన్‌వీఐ రకం. వైఫై పనిలో సగం ప్రాసెసర్ చిప్‌సెట్ వైపే ఉంటుంది, కార్డు మీద మిగతా సగమే. దానికి తగిన ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లోనే పనిచేస్తాయి, ఏఎండీ దాంట్లో అసలు గుర్తించదు. స్లాట్‌లో చక్కగా పడుతుంది కాబట్టి జనం మోసపోతారు. మామూలు పీసీఐ ఎక్స్‌ప్రెస్ రకం కావాలంటే ఏఎక్స్200, ఏఎక్స్210. సైజు ఎం.2 2230. కొనే ముందు ల్యాప్‌టాప్ సర్వీస్ మాన్యువల్ చూడాలి, కొన్నింట్లో వైఫై చిప్ మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది, మార్చడానికి స్లాటే ఉండదు.

ఇంకోటి. మూత తీసే మాటైతే కొత్త కార్డు కంటే ముందు పాత కార్డు మీది యాంటెన్నా వైర్లు చూడండి. సన్నటి వైర్లు రెండు, చివర మిరియం గింజలో సగం కూడా లేని గుండ్రటి లోహపు టోపీ. బ్యాటరీ మార్పించాకో ఎస్ఎస్‌డీ వేయించాకో ఒకటి ఊడి పక్కన పడి ఉంటుంది. ఒక గుర్తు ఏమిటంటే, రౌటర్ పక్కనే పెట్టినా సిగ్నల్ బలహీనంగానే ఉండొచ్చు. మళ్ళీ పెట్టేటప్పుడు టోపీని సరిగ్గా బొడిపె మీద నిలిపి గోటితో నిటారుగా నొక్కాలి, టిక్‌మంటుంది. వంకరగా నొక్కితే లోపలి పిన్ను వంగుతుంది, ఇక అది పట్టదు. విప్పే ముందు షట్‌డౌన్ చేసి, అడాప్టర్ తీసి, లోపల బ్యాటరీ కనెక్టర్ కూడా విడదీయడం మర్చిపోవద్దు.

సగంలో_కట్
పింగ్_పురాణం గారు అడిగినవి. బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్, రేడియో టైప్ 802.11ఏఎక్స్, చానల్ 100, సిగ్నల్ 92 శాతం, రిసీవ్ రేట్ 2402 ఎంబీపీఎస్, ట్రాన్స్‌మిట్ రేట్ 2161. నిన్న సాయంత్రం పోయినప్పుడు రెండు కిటికీల్లోనూ ఒకేసారి జనరల్ ఫెయిల్యూర్. నిమిషం పైన అలాగే ఉండి, మళ్ళీ రెండూ ఒకేసారి లేచాయి. రిపోర్ట్‌లో ప్రతి తెగుడు దగ్గరా నెట్‌వర్క్‌ని డ్రైవర్ డిస్‌కనెక్ట్ చేసిందనే రాసి ఉంది.

కొత్తకార్డు_కోటి
చూశారా. డ్రైవర్ అని విండోసే రాసిచ్చింది.

పింగ్_పురాణం
అలా చదవకూడదు దాన్ని. మనం చేత్తో తెంపలేదు, లింకు పోయిందని కింది నుంచి డ్రైవర్ వచ్చి చెప్పింది, అంతవరకే ఆ వాక్యానికి అర్థం. రౌటర్ వెళ్ళగొట్టినా, రౌటర్ రేడియో హఠాత్తుగా ఆగిపోయినా చాలాసార్లు అదే వాక్యం పడుతుంది. కబురు తెచ్చినవాడిని పట్టుకుని కొట్టడం ఎందుకు.

మనకి పనికొచ్చేది ఆ నిమిషం లెక్క. 92 శాతం సిగ్నల్ అంటే, విండోస్ లెక్కలో సగం చేసి వంద తీసేస్తే మైనస్ 54 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకి దగ్గరైన కొద్దీ మెరుగు). మైనస్ 67 దాకా వీడియో కాల్స్‌కి ఢోకా ఉండదు, మీది దానికంటే చాలా మెరుగు. సిగ్నల్ చాలక ఊడిన లింకు కాదిది. కార్డు చెడితే ఒకసారి 5 సెకన్లు, ఒకసారి అరగంట, అలా అడ్డదిడ్డంగా ఉంటుంది. చాలాసార్లు నిమిషం చిల్లరే అంటే ఎవరో లెక్క ప్రకారం ఆపుతున్నారు.

డెసిబెల్
చానల్ 100 దగ్గరే సమాధానం ఉంది.

5 గిగాహెర్ట్జ్‌లో చానల్ 52 నుంచి 64 దాకా, 100 నుంచి 144 దాకా రాడార్లతో పంచుకునే చోటు. డీఎఫ్ఎస్ చానళ్ళంటారు వీటిని. వాతావరణ రాడార్లు, మిలిటరీ రాడార్లు అక్కడే పనిచేస్తాయి, వాటికే మొదటి హక్కు. రౌటర్ ఈ చానళ్ళలో ప్రసారం మొదలుపెట్టే ముందు 60 సెకన్లు నోరు మూసుకుని వినాలి. మొదలుపెట్టాక రాడార్ లాంటి పల్స్ వినిపిస్తే 10 సెకన్లలో ఖాళీ చెయ్యాలి, 30 నిమిషాల దాకా మళ్ళీ అటు రాకూడదు. యూరప్‌లో వాతావరణ రాడార్లుండే 120 నుంచి 128 మీదైతే వినడమే 10 నిమిషాలు.

ఖాళీ చేసిన రౌటర్ ఇంకో డీఎఫ్ఎస్ చానల్‌కే వెళ్తే అక్కడా 60 సెకన్లు వినాలి, ఆ నిమిషం 5 గిగాహెర్ట్జ్ పేరు గాల్లోనే ఉండదు. మీ నిమిషం చిల్లర అదేనని నా అనుమానం. నిజం రాడారే ఉండక్కర్లేదు. పక్క రౌటర్ల గోలనే రాడార్ అనుకుని దడుచుకునే రౌటర్లు బోలెడు.

రౌటర్ పేజీలో సిస్టమ్ లాగ్ ఉంటే రాడార్ డిటెక్టెడ్ అనో, డీఎఫ్ఎస్ అనో, చానల్ స్విచ్ అనో ఉన్న వరసలు వెతకండి. ఆ టైము, మీ వైఫై రిపోర్ట్‌లో తెగిన టైము పక్కపక్కన పెట్టి చూడండి.

గూట్లో_రౌటర్
మరి ఫోన్లు ఎందుకు నిలబడ్డాయంటారు?

డెసిబెల్
నిలబడ్డాయని ఎవరన్నారు. డేటా ఆపి చూసిన రిపోర్ట్ ఇంకా రాలేదు.

సగంలో_కట్
వచ్చింది. డేటా ఆపేసి చూశా. ల్యాప్‌టాప్ ఊడిన టైముకి ఫోన్ 5జీ పేరు (5 గిగాహెర్ట్జ్ వైఫైది, మొబైల్ 5జీ కాదు) వదిలేసి 2.4 పేరుకి మారిపోయి ఉంది. మా రౌటర్‌లో రెండు బ్యాండ్లకీ వేరే వేరే పేర్లు. ఫోన్లలో రెండూ సేవ్ అయి ఉన్నాయి, ల్యాప్‌టాప్‌లో 5జీ పేరొక్కటే. రౌటర్ లాగ్‌లో రాడార్ డిటెక్టెడ్ నాలుగు చోట్ల ఉంది, టైములు రిపోర్ట్‌తో సెకన్ల తేడాలో కలుస్తున్నాయి.

మూడోమెట్టు
కేసు కొట్టేశారు. కార్డు నిర్దోషి.

అర్ధరాత్రి_కోడర్
అయితే ఆటో చానల్ తీసేసి 36 పెట్టుకుంటే అయిపోతుంది. 36, 40, 44, 48 డీఎఫ్ఎస్ కావు. చాలా దేశాల్లో 149 నుంచి పైవి కూడా కావు.

ఒకటోతారీఖు
మధ్యలో దూరుతున్నా. నాదీ ఊడిపోతుంది గానీ లెక్క వేరు. సరిగ్గా గంటకోసారి, గడియారం పెట్టినట్టు. 10:17 కి పోతే 11:17 కి పోతుంది. ఒక్క 5 సెకన్లు. పాత ల్యాప్‌టాప్, విండోస్ 10, 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే పట్టుకుంటుంది. ఇది రాడారేనా?

డెసిబెల్
2.4 లో రాడార్ గొడవ లేదు. గడియారంలా పోయేది గ్రూప్ కీ. అందరికీ కలిపి పంపే ప్యాకెట్లకి వాడే తాళంచెవిని రౌటర్ కొంతసేపటికోసారి మారుస్తుంది. చాలా రౌటర్లలో ఆ గడువు 3600 సెకన్లు. మార్చినప్పుడు ప్రతి పరికరమూ అందిందని జవాబివ్వాలి. పవర్ సేవింగ్‌లో కునుకు తీస్తున్న కార్డు ఆ జవాబు ఇవ్వకపోతే రౌటర్ వెళ్ళగొడుతుంది.

పింగ్_పురాణం
తొందరపడకండి, డీహెచ్‌సీపీ (రౌటర్ ఐపీ అడ్రస్‌లు కొంత గడువుకి పంచే పద్ధతి) కూడా గంట లెక్క ఇస్తుంది. ఆ గడువు, అంటే ఐపీ లీజు, సగం గడిచాక ల్యాప్‌టాప్ పొడిగింపు అడుగుతుంది. లీజు 2 గంటలైతే గంటకోసారి అడుగుతుందన్నమాట.

డెసిబెల్
అడిగినంత మాత్రాన లింకు తెగదు కదా. లీజు పూర్తిగా ముగిస్తే గానీ ఐపీ పోదు.

పింగ్_పురాణం
సరిగా రాసిన డ్రైవర్, సరైన రౌటర్ అయితే తెగదు. తేల్చడం తేలికే. ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్‌లో లీజ్ అబ్టైన్డ్, లీజ్ ఎక్స్‌పైర్స్ చూడండి. ఊడినప్పుడు గేట్‌వే పింగ్‌కి ఏం పడిందో, ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూలాన్ ఆటోకాన్ఫిగ్ కింద ఆపరేషనల్ లాగ్‌లో ఏముందో చూడండి. 8003 ఉంటే రేడియో లింకే తెగింది, అప్పుడు డెసిబెల్ గారిదే గెలుపు. ఆ టైముకి అక్కడ ఏమీ లేకపోతే ఐపీ గొడవ.

ఒకటోతారీఖు
లీజు 24 గంటలు. 8003 ఉంది, దాని వెంటనే 8001.

పింగ్_పురాణం
8001 అంటే మళ్ళీ కలిసింది. గ్రూప్ కీయే, ఒప్పుకున్నా.

డెసిబెల్
రౌటర్‌లో సెక్యూరిటీ ఏం పెట్టారో చూడండి. డబ్ల్యూపీఏ, డబ్ల్యూపీఏ2 మిక్స్‌డ్ అనో, టీకేఐపీ (పాత రకం తాళం) అనో ఉంటే తీసేసి డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ ఒక్కటే పెట్టండి. టీకేఐపీలో 54 ఎంబీపీఎస్ దాటి పోదు కూడా, అదొక అదనపు నష్టం. డబ్ల్యూపీఏ3 కలిపిన మోడ్ కూడా కొన్ని పాత కార్డులకి పడదు. ఆ తర్వాత డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేసే అధికారం కంప్యూటర్‌కి ఇచ్చే టిక్ తీసెయ్యండి. పవర్ ప్లాన్‌లో వైర్‌లెస్ అడాప్టర్ సెట్టింగ్స్ కింద మ్యాగ్జిమమ్ పర్ఫార్మెన్స్. గ్రూప్ కీ గడువు పెంచడం ఆఖరి మాట. అలా చేస్తే ఊడడం తగ్గుతుందే తప్ప రోగం పోదు.

లైనక్స్_లింగం
ఇదే రోగం లైనక్స్‌లో ఉన్నవాళ్ళకి: నెట్‌వర్క్‌మేనేజర్ సెట్టింగుల ఫోల్డర్‌లో కాన్ఫ్.డి కింద వైఫై పవర్‌సేవ్ ఫైలుంటుంది. అందులో విలువ 3 ఉంటే 2 చెయ్యండి. 3 అంటే ఆన్, 2 అంటే ఆఫ్. ఒకటి సున్నా అనుకుని 0 పెడితే ఏమీ మారదు, అది డిఫాల్ట్ అని అర్థం. సర్వీస్ రీస్టార్ట్ చేశాక ఐడబ్ల్యూ కమాండ్‌తో పవర్ సేవ్ ఆఫ్ అయిందో లేదో చూసుకోండి. డీమెసేజ్ (కెర్నెల్ లాగ్ చూపే కమాండ్) కొడితే డీఆథెంటికేటెడ్, అంటే వెళ్ళగొట్టారు, అన్న మాట పక్కన కారణం నంబరు కూడా ఇస్తుంది. 15 ఫోర్ వే హ్యాండ్‌షేక్ టైమౌట్, 16 గ్రూప్ కీ టైమౌట్, 4 అయితే ఎంతసేపటికీ ఉలుకూ పలుకూ లేదని పంపేశారు. విండోస్‌లా "డ్రైవర్ చేసింది" అని సరిపెట్టదు.

మూడోమెట్టు
లైనక్స్ వాళ్ళు రానే వచ్చారు, అనుకున్నా ఇంకా రాలేదేంటని.

సగంలో_కట్
నా సంగతికి వద్దాం. అర్ధరాత్రి_కోడర్ గారు చెప్పినట్టు చానల్ 36 కి కట్టేశా. తగ్గింది గానీ పోలేదు. నిన్నంతా బాగుంది, ఇవాళ పొద్దున రెండు సార్లు ఊడింది. రౌటర్ లాగ్‌లో మళ్ళీ రాడారే. 36 మీద రాడార్ ఉండదన్నారు కదా?

కొత్తకార్డు_కోటి
నేనేం మాట్లాడను.

అర్ధరాత్రి_కోడర్
36 డీఎఫ్ఎస్ కాదు, అది మాత్రం ఖాయం. రౌటర్ ఫర్మ్‌వేర్‌లో బగ్ అయ్యుంటుంది.

డెసిబెల్
ఫర్మ్‌వేర్‌ని అనకండి. సగంలో_కట్ గారూ, ఇప్పుడు షో ఇంటర్‌ఫేసెస్ కొడితే రిసీవ్ రేట్ ఎంత?

సగంలో_కట్
చానల్ 36, రిసీవ్ రేట్ 2402.

డెసిబెల్
అదే. రెండు యాంటెన్నాల ల్యాప్‌టాప్ కార్డుకి వైఫై 6 లో 80 మెగాహెర్ట్జ్ వెడల్పు మీద వచ్చే గరిష్ఠ లింకు రేటు 1201. అది దాటి 2402 వస్తోందంటే మీ రౌటర్ 160 మెగాహెర్ట్జ్ మీద నడుస్తోంది. చానల్ నంబరు 36 అని చూపిస్తుంది గానీ అది ఆక్రమించేది 36 నుంచి 64 దాకా మొత్తం ఎనిమిది చానళ్ళు. పై సగం, 52 నుంచి 64, రాడార్ చోటే. అక్కడ పల్స్ వినిపించినా ఖాళీ చెయ్యాల్సిందే.

విండోస్ ఆ కమాండ్‌లో వెడల్పు చూపించదు, రేటు బట్టి మనమే పోల్చుకోవాలి. ఇంకో గుర్తు: రౌటర్ రీస్టార్ట్ చేశాక 2.4 పేరు ముందొచ్చి, 5జీ పేరు నిమిషం పైన ఆలస్యంగా వస్తోందా? వస్తుంటే అది 60 సెకన్లు వింటోందని అర్థం, మీరు పెట్టిన నంబరు ఏదైనా సరే.

రౌటర్ పేజీలో 5 గిగాహెర్ట్జ్ అడ్వాన్స్‌డ్ కింద చానల్ విడ్త్ 80 కి దించండి. ఆటో వద్దు, ఆటో అంటే మళ్ళీ 160 కి ఎగబాకుతుంది. చానల్ 36, విడ్త్ 80 అయితే 36 నుంచి 48 దాకానే ఉంటుంది, రాడార్ ఊసే ఉండదు.

సగంలో_కట్
ఔను, రీస్టార్ట్ చేసినప్పుడల్లా 5జీ పేరు ఆలస్యంగానే వచ్చేది. రౌటర్ పాతదైపోయి నెమ్మదించింది అనుకుంటున్నా.

అర్ధరాత్రి_కోడర్
వెడల్పు సంగతి నాకు తట్టలేదు. కానీ 80 కి దించితే స్పీడు సగం పడిపోదా? 160 ఉన్న రౌటర్ కొని వాడుకోకపోవడం ఏం న్యాయం.

డెసిబెల్
లింకు రేటు సగం అవుతుంది, నిజమే. 1201 లింకు మీద అసలు డేటా 600 నుంచి 800 ఎంబీపీఎస్ దాకా వస్తుంది. ఇంటికొచ్చే నెట్ లైను ఏ 300 ఎంబీపీఎస్సో అయినప్పుడు 2402 లింకుతో ఏం చేసుకుంటాం. ఇంట్లోనే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పెద్ద ఫైళ్ళు మోసేవాళ్ళకి తేడా తెలుస్తుంది, మీటింగ్‌కి తెలీదు. పైగా వెడల్పు తగ్గితే అదే పవర్ తక్కువ చోట కేంద్రమవుతుంది. నాయిస్ లెక్కలో 3 డీబీ లాభం.

160 కావాల్సిందే అంటే 6 గిగాహెర్ట్జ్ ఉన్న వైఫై 6ఈ రౌటర్, 6ఈ కార్డు ఉండాలి, మీ దేశంలో ఆ బ్యాండ్‌కి అనుమతీ ఉండాలి. అక్కడ రాడార్ గొడవ లేదు.

హబ్_హరి
మా దగ్గర ఇంకో రకం. ల్యాప్‌టాప్ 2.4 మీద బాగానే ఉంటుంది, యూఎస్‌బీ హార్డ్ డిస్కు తగిలించి కాపీ మొదలెట్టగానే నెట్ పాకుతుంది, కాసేపటికి ఊడుతుంది. డిస్కు తీస్తే బాగు. కరెంటు చాలడం లేదా?

స్క్రూడ్రైవర్
కరెంటు కాదు, యూఎస్‌బీ 3. సెకనుకి 5 గిగాబిట్ల సిగ్నల్ చుట్టూ విడుదల చేసే రేడియో గోల సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుంది. ఇంటెల్ 2012 లోనే దీని మీద ఒక శ్వేతపత్రం రాసింది. డిస్కు తిరిగినంతసేపూ బ్లూటూత్ మౌస్ కూడా తడబడుతుంటే ఇదేనని ఖాయం చేసుకోవచ్చు. మందులు వరసగా: ల్యాప్‌టాప్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చడం. కుదరకపోతే డిస్కుని మంచి షీల్డింగ్ ఉన్న అరమీటరు కేబుల్‌తో దూరంగా పెట్టడం, స్క్రీన్ మడత దగ్గర అసలు పెట్టకూడదు, చాలా ల్యాప్‌టాప్‌ల యాంటెన్నాలు స్క్రీన్ అంచుల్లో ఉంటాయి. అదీ కుదరకపోతే యూఎస్‌బీ 2 పోర్టు. నెమ్మదిగా కాపీ అవుతుంది గానీ గోల ఉండదు.

హబ్_హరి
మౌస్ తడబడుతుంది, ఔను. బ్యాటరీలు రెండు సార్లు మార్చా దాని మొహాన.

మూడోమెట్టు
మౌస్ ఇంకో నిర్దోషి.

గూట్లో_రౌటర్
గ్లోబు బొమ్మ ఉన్నా నెట్ మామూలుగా నడుస్తుంటే అదేమిటి? నాకు రోజూ అంతే.

పింగ్_పురాణం
నెట్ ఉందో లేదో తేల్చుకోవడానికి విండోస్ మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి చిన్న టెక్స్ట్ ఫైలొకటి తెచ్చుకుంటుంది. అది రాకపోతే గ్లోబు పెట్టేస్తుంది. ప్రకటనలు ఆపే డీఎన్ఎస్ గానీ, వీపీఎన్ గానీ, యాంటీవైరస్ గానీ దానికి అడ్డుపడుతున్నాయేమో చూడండి. బ్లాకర్ ఉంటే ఎంఎస్ఎఫ్‌టీ కనెక్ట్ టెస్ట్ పేరుని అనుమతించే జాబితాలో పెట్టండి. మీ వైఫైకి ఏమీ కాలేదు.

గూట్లో_రౌటర్
డీఎన్ఎస్ బ్లాకర్ ఉంది. జాబితాలో పెట్టా, గ్లోబు పోయింది.

ఒకటోతారీఖు
డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ ఒక్కటే పెట్టా, పవర్ టిక్ తీశా. గంట దాటినా లింకు అలాగే ఉంది. రెండూ కలిపి చేశాను కాబట్టి ఏది పనిచేసిందో తెలీదు.

డెసిబెల్
తెలుసుకోవాలంటే టిక్ మళ్ళీ పెట్టి రెండు గంటలు చూడండి. ఒక్కోటే మార్చాలి, మధ్యలో కనీసం ఒక గడువు గడవనివ్వాలి. బ్యాటరీ మీద ఎక్కువ వాడేవాళ్ళైతే ఆ టిక్ ఉంచుకోగలిగితేనే మంచిది.

సగంలో_కట్
36, విడ్త్ 80. రిసీవ్ రేట్ 1201 చూపిస్తోంది. అప్పటి నుంచి పగటిపూట ఒక్కసారి కూడా ఊడలేదు, రౌటర్ లాగ్‌లో రాడార్ లేదు. 5జీ పేరు కూడా రీస్టార్ట్ చేయగానే వచ్చేస్తోంది. ల్యాప్‌టాప్‌లో 2.4 పేరు కూడా సేవ్ చేశా. మిగిలింది ఒకటే, మూత మూసి తెరిచాక కాసేపు వైఫై లేకుండా ఉండి అప్పుడు పట్టుకుంటుంది. పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో టిక్ తీద్దామంటే అసలు ఆ ట్యాబే లేదు నాకు.

పింగ్_పురాణం
పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఏ కొట్టండి. "స్టాండ్‌బై, ఎస్0 లో-పవర్ ఐడిల్" అని వస్తే మీది మోడర్న్ స్టాండ్‌బై ల్యాప్‌టాప్, వాటిలో ఆ ట్యాబ్ చాలావాటికి ఉండదు. పక్కనే నెట్‌వర్క్ కనెక్టెడ్ అనో డిస్‌కనెక్టెడ్ అనో కూడా ఉంటుంది. డిస్‌కనెక్టెడ్ అయితే నిద్రలో లింకు వదిలేసి లేచాక కొత్తగా కలుస్తుంది, కొన్ని సెకన్లు పట్టడం మామూలే. అరనిమిషం పడుతుంటే మాత్రం డ్రైవర్ చూడాలి. విండోస్ అప్‌డేట్ ఇచ్చింది కాకుండా ల్యాప్‌టాప్ తయారీదారు సైట్‌లో మీ మోడల్ కింద ఉన్నది వేయండి. రెండింటి వెర్షన్ నంబర్లూ ముందు రాసి పెట్టుకోండి, తేడా చేస్తే రోల్ బ్యాక్ నొక్కడానికి.

సగంలో_కట్
ఎస్0, డిస్‌కనెక్టెడ్. నాలుగైదు సెకన్లే పడుతోంది, గడియారం పెట్టి చూశా. వదిలేస్తా.

కొత్తకార్డు_కోటి
డ్రైవర్ మాట వచ్చింది చివరికి. అది చాలు నాకు.

సగంలో_కట్
ఇంకో సందేహం. 36 బదులు 149 పెడితే దూరం ఎక్కువ వస్తుందని ఎక్కడో చదివా. మారమంటారా?

డెసిబెల్
కొన్ని దేశాల నిబంధనల్లో పై చానళ్ళకి పవర్ ఎక్కువ ఇస్తారు, అక్కడ గోడ అవతల కాస్త తేడా ఉంటుంది. రౌటర్‌లో దేశం సరిగ్గా ఎంచుకుని ఉండాలి, 149 జాబితాలో కనిపించాలి. కానీ రౌటర్ అరిచినంత గట్టిగా ల్యాప్‌టాప్ అరవలేదు, కాబట్టి లాభం డౌన్‌లోడ్ వైపే ఎక్కువ. మీకు 92 శాతం ఉంది, కదపక్కర్లేదు. పక్క ఇళ్ళవాళ్ళందరూ 36 మీద చేరి గేట్‌వే పింగ్‌లో టైమౌట్లు మొదలైతే అప్పుడు 149, విడ్త్ 80 పెట్టండి.